లా చివరి ఏడాది, ఇంగ్లీషు భయం, సీనియర్ టెన్షన్

ప్రశ్న: అక్కా, మాది మహబూబాబాద్ దగ్గర ఒక పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. వరంగల్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాది చదువుతున్నా. మా ఇంట్లో గానీ చుట్టాల్లో గానీ వకీళ్లు ఎవరూ లేరు. నాన్నది రెండెకరాల వ్యవసాయం, అమ్మ బట్టలు కుడుతుంది. పరీక్షలు పాసవుతున్నా కానీ ఒక్క జడ్జిమెంటు కూడా పూర్తిగా చదవలేదు, అన్నీ గైడ్లే. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే గొంతు ఆరిపోతుంది. వకీలుగా పేరు నమోదుకు, అదే ఎన్‌రోల్‌మెంట్‌కే ఇరవై, ముప్పై వేలు కావాలని ఒకరంటారు, పని నేర్పే సీనియర్ వకీళ్లు ఐదేళ్ల దాకా రూపాయి ఇవ్వరని ఇంకొకరు, ఆడపిల్లకు కోర్టులెందుకని మా మేనమామ. హైదరాబాద్ వెళ్లి హైకోర్టులో చేరాలా, ఇక్కడే ఉండాలా? తోటివాళ్లు అప్పుడే ఇన్‌స్టాలో లా రీల్స్ చేస్తున్నారు, నేనూ మొదలుపెట్టాలా? సివిల్ జడ్జి పరీక్ష సంగతేంటి?

సమాధానం:

చెల్లీ, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, దానికి జవాబు సూటిగా ఉంది కాబట్టి. ఎన్‌రోల్‌మెంట్‌కు ఇరవై వేలు, ముప్పై వేలు అనేది పాత లెక్క. 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 24లో రాసి ఉన్నదానికంటే ఎక్కువ వసూలు చేసే అధికారం స్టేట్ బార్ కౌన్సిళ్లకు లేదని. జనరల్ వాళ్లకు మొత్తం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. తర్వాత నువ్వు ప్రాక్టీసు చేసే చోట బార్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే దాని రుసుము వేరు, దీన్నీ దాన్నీ కలిపి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్లలోపు ఆలిండియా బార్ ఎగ్జామ్ పాస్ కావాలి. వంద ప్రశ్నలు, జనరల్, ఓబీసీలకు 45 మార్కులు, ఎస్సీ, ఎస్టీలకు 40 వస్తే చాలు, నోట్సు లేని బేర్ యాక్టులు (చట్టం మాత్రమే ఉండే పుస్తకాలు) లోపలికి పట్టుకెళ్లొచ్చు. దానికోసం కోచింగ్‌కు డబ్బు తగలెయ్యకు. ఏ సెక్షన్ ఏ పేజీలో ఉందో తెలిసిన మనిషికి అది కష్టమైన పరీక్ష కాదు.

ఇక ఇంగ్లీషు. నీ ఉత్తరంలో సగం దీని గురించే ఉంది. ఒక వారం రోజులు కాలేజీ ఎగ్గొట్టి (మీ ప్రిన్సిపాల్‌కు చెప్పకు) మీ ఊరికి దగ్గర్లోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వెనక బెంచీలో కూర్చో. పొద్దున కేసులు వరసగా పిలిచే కాల్ వర్క్ జరుగుతుంటే జూనియర్లు లేచి ఏం మాట్లాడుతున్నారో రాసుకో. "కౌంటర్ రెడీగా ఉంది", "సాక్షి రాలేదు, ఒక్క వాయిదా ఇప్పించండి", "మా సీనియర్ పై కోర్టులో ఉన్నారు, పాసోవర్ కావాలి" (అంటే అదే రోజు కాసేపాగి పిలవండి అని). ఇంగ్లీషు, తెలుగు కలగలిపి నడిచే ఈ మాటలన్నీ ఏరితే ముప్పై, నలభై దాటవు. సాక్షి తెలుగులోనే చెబుతాడు, క్రాస్‌లో (అవతలి వకీలు సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ప్రశ్నలూ తెలుగులోనే అడుగుతారు. కాబట్టి మాట్లాడే ఇంగ్లీషుతో కింది కోర్టులో నీకు పని ఆగదు.

రాసే ఇంగ్లీషు మాత్రం కావాలి, అందులో రాజీ లేదు. ప్లెయింటు (దావా కాగితం), కౌంటరు (ఎదుటి పక్షం జవాబు), అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇంగ్లీషులోనే తయారవుతాయి. దీనికి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు పనికిరావు. ఎవరైనా వకీలును బతిమాలి తీర్పు అయిపోయిన పాత ఫైలు ఒకటి తెచ్చుకో. ప్లెయింటులో ఒక పేరా చదివి, కాగితం బోర్లించి, అదే సంగతిని నీ ఇంగ్లీషులో రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో. ఇంకో పని, సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో ఉచితంగా ఉన్నాయి, చాలా తీర్పులకు తెలుగు అనువాదాలు కూడా పెట్టారు. అనువాదం కొన్నిచోట్ల కొరుకుడు పడదు, అయినా ముందు తెలుగులో కథ అర్థం చేసుకుని తర్వాత ఇంగ్లీషు చదివితే సగం బరువు దిగిపోతుంది. ఆరు నెలలు ఇలా చేస్తే భాష దానంతటదే లొంగుతుంది.

అన్నట్టు, ఇంగ్లీషు రాదని ఇంత బెంగపడ్డావు గానీ నీకు తెలుగు బాగా వచ్చన్న సంగతి ఒక్కచోట కూడా రాయలేదే! మన కోర్టుల్లో సివిల్ కేసుల్లో ఎక్కువ భాగం భూమి చుట్టూ తిరిగేవే. ఆ కాగితాలన్నీ తెలుగులో ఉంటాయి, కొన్ని పాతవి ఉర్దూలో. చేతిరాత దస్తావేజులు, పారీకత్తులు (పంపకాల కాగితాలు), సాదాబైనామాలు (తెల్లకాగితం మీది అమ్మకాలు), పెద్దమనుషులు కూర్చుని రాయించిన ఒప్పందాలు, పహాణీలు (ఏటా రాసే భూమి రికార్డులు). నగరంలో ఇంగ్లీషు మీడియంలో చదివొచ్చిన పిల్లలు ఆ గొలుసుకట్టు రాత చూసి చేతులెత్తేస్తారు. నువ్వు మీ నాన్న పాసుబుక్కు, మీ తాత నాటి కాగితాలు చూసిన పిల్లవి. ఎకరానికి నలభై గుంటలని నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దీని విలువ ఎంతో చెబుతా, విను. ఒక పొలం కేసు అనుకో, అవతలివాళ్లు పొలంలోకి రాకుండా ఆపమని అడిగే ఇంజంక్షన్ దావా. ప్లెయింటు షెడ్యూల్‌లో (ఆస్తి వివరాల పట్టికలో) సర్వే నంబరు, రెండెకరాల పది గుంటలు, తూర్పున బాట అని ఉంది. ఫైలు అడుగున, ముప్పై ఏళ్ల కిందటి కొనుగోలు దస్తావేజులో అదే సర్వే నంబరుకు తూర్పున ఫలానా మల్లయ్య భూమి అని ఉంది. మధ్యలో బాట ఎప్పుడు పడింది? మల్లయ్య భూమిలోంచి పోయిందా, మన పార్టీ భూమిలోంచి పోయిందా, లేక ఈ షెడ్యూలు అసలు వేరే ముక్కదా? విస్తీర్ణానికీ హద్దులకీ పొత్తు కుదరకపోతే కోర్టులు మామూలుగా హద్దులకే బలమిస్తాయి. అంటే ఆ ఒక్క తూర్పు హద్దు మీద కేసు నిలబడొచ్చు, కూలిపోవచ్చు. సీనియర్‌కు రోజుకు పాతిక కేసులుంటాయి, ఆయన అడుగున ఉన్న ఆ కాగితం చూసి ఉండకపోవచ్చు. నువ్వు రాత్రి కూర్చుని షెడ్యూలునూ దస్తావేజునూ వరస వరసా సరిచూసి, దావా వేయకముందే "సార్, తూర్పు హద్దు తేడా కొడుతోంది" అన్నావనుకో, మర్నాటి నుంచి నీ కుర్చీ ఆయన టేబులుకు దగ్గరగా జరుగుతుంది. కోర్టులో గట్టిగా వాదించేవాళ్లను చూసి మనకు అది రాదేమోనని భయపడతాం గానీ, మొదటి మూడేళ్లు నిన్ను నిలబెట్టేది ఇలా ఫైలు చదవడమే. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే, మిగతాదంతా దీనికి అనుబంధం.

ఆ చదివే అలవాటు కాలేజీలోనే పడాలి, గైడ్లతో పడదు. ఎవిడెన్స్‌లో మరణ వాంగ్మూలం అనగానే గైడులో పాకాల నారాయణస్వామి కేసు అని ఒక లైను ఉంటుంది, అది బట్టీ పట్టి ఉంటావు. అసలు తీర్పు చదువు ఒకసారి. 1937 మార్చిలో పూరీ రైల్వే స్టేషన్‌లో ఒక ట్రంకుపెట్టెలో ముక్కలు చేసిన శవం దొరికింది. చనిపోయిన మనిషిది పిఠాపురం, మన తెలుగువాళ్ల కేసే. రావాల్సిన డబ్బు కోసం బరంపురం వెళ్తున్నానని బయల్దేరే ముందు భార్యతో చెప్పాడు. చావు గురించి ఆలోచన కూడా లేనప్పుడు అన్న ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందా అన్నది ప్రశ్న. చెల్లుతుందని 1939లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ చెప్పింది. గైడు ఇక్కడితో ఆగిపోతుంది. తీర్పు ఆగదు. ముద్దాయి పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంటు చెల్లదని పక్కన పెట్టేసి, మరి మిగిలిన సాక్ష్యంతో శిక్ష నిలుస్తుందా అని చూస్తారు, ట్రంకు ఎవరు కొన్నారు, జట్కాలో స్టేషన్‌కు ఎవరు తీసుకెళ్లారు, ఇలా ఒక్కొక్క ముడీ వేస్తూ పోయి నిలుస్తుందని తేలుస్తారు. కేసు కట్టడం అంటే ఏంటో అక్కడ కనిపిస్తుంది. వారానికి ఒక తీర్పు ఇలా మొదటి నుంచి చివరి దాకా చదివితే చాలు, మరీ ఎక్కువ పెట్టుకోకు, మానేస్తావు.

బేర్ యాక్టుల విషయంలో మీ బ్యాచ్‌కు ఒక చిక్కూ ఉంది, ఒక మేలూ ఉంది. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి, కానీ అంతకుముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది, కాబట్టి ఇంకో పదేళ్లు కోర్టుల్లో రెండూ నడుస్తాయి. సీనియర్లు ఇప్పటికీ హత్యకు 302, మోసానికి 420 అనే అంటారు, ఫైలు మీద 103, 318(4) ఉంటుంది. అన్నిటికంటే తికమక 482తో. పాత సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిలు, క్వాష్ వెళ్లి 528లో కూర్చుంది. పాతికేళ్లు పాత నంబర్లతో బతికినవాళ్లకు ఇది తలనొప్పి, నీకు తాజాగా వచ్చు. ఆఫీసులో కొత్త, పాత నంబర్లు పక్కపక్కన టక్కున చెప్పగలిగే జూనియర్‌గా నీ అవసరం మొదటి రోజు నుంచే ఉంటుంది.

మూడేళ్ల కోర్సువాళ్లకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కనీసం పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలి. ఎవరో తెలిసిన వకీలు దగ్గర సంతకం, ముద్ర వేయించుకుని రికార్డు సబ్మిట్ చేసేవాళ్లే ఎక్కువ, నీకూ ఆ సలహా ఇచ్చే ఉంటారు. వినకు. ఆ వారాల్లో వాదనలు వినడం కన్నా గుమస్తా వెంట తిరగడం మేలు. ఫైలింగ్ సెక్షన్‌లో దావా ఎందుకు రిటర్న్ అయింది, ఏ అభ్యంతరం పెట్టారు, దాన్ని సరిచేసి మళ్లీ ఎలా వేస్తారు, కోర్టు ఫీజు ఎలా లెక్క కడతారు, సర్టిఫైడ్ కాపీకి ఎక్కడ అప్లికేషన్ పెట్టాలి, ఇవన్నీ గుమస్తాకు తెలిసినంతగా చాలామంది వకీళ్లకే తెలియవు. ఆయన్ను పేరు పెట్టి పిలవకు, అన్నా అను, చాయ్ తాగించు.

తేదీల లెక్క కూడా అప్పుడే నేర్చుకో. చెక్ బౌన్స్ కేసు జూనియర్ చేతికి ముందుగా వచ్చే పని, చూడ్డానికి తేలిక, తేదీ తప్పితే మొత్తం పోతుంది. చెక్కు వాపసు వచ్చిందని బ్యాంకు నుంచి మార్చి 5న తెలిసిందనుకో. అక్కణ్నుంచి ముప్పై రోజుల్లో, అంటే ఏప్రిల్ 4లోపు నోటీసు పోవాలి. అవతలివాడికి ఏప్రిల్ 10న అందితే డబ్బు కట్టడానికి పదిహేను రోజులు, ఏప్రిల్ 25 దాకా. కేసు వేసే హక్కు 26న పుడుతుంది, అప్పటినుంచి నెలలోపు, మే 26 దాటకుండా కంప్లయింట్ వేయాలి. ఆలస్యమైతే కష్టమని అందరికీ తెలుసు, తగిన కారణం చూపిస్తే కోర్టు ఆలస్యాన్ని మన్నించే అవకాశం కూడా ఉంది. తొందరపడితే ఇంకా కష్టం. పదిహేను రోజులు పూర్తవకముందే, 24వ తేదీనే వేశావనుకో, అది అసలు కంప్లయింటే కాదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఫైలు అట్ట లోపలివైపు ఈ తేదీలన్నీ పెన్సిలుతో రాసిపెట్టుకునే అలవాటు చేసుకో.

సీనియర్‌ను ఎలా ఎంచుకోవాలి? పెద్ద పేరు చూసి పోకు. ఇరవై మంది జూనియర్లున్న చోట ఇరవై ఒకటో మనిషివైతే వాయిదాలు అడగడం తప్ప ఏమీ రాదు. కోర్టులో కూర్చున్నప్పుడు చూడు, సాక్షుల్ని స్వయంగా క్రాస్ చేస్తున్నదెవరు, ప్రతి కేసులో రాజీకో వాయిదాకో చూసేదెవరు, జూనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చీటీ అందుకునేదెవరు, అందరి ముందూ కసిరేదెవరు. రెండు వారాలు చూస్తే తెలిసిపోతుంది. సివిల్, క్రిమినల్ రెండూ చేసే ట్రయల్ సీనియర్ అయితే మంచిది. మన దగ్గర చుట్టరికం, కులం, ఊరు చూసి జూనియర్లను తీసుకోవడం లేదని నేను అబద్ధం చెప్పను, ఉంది. అయితే పని చేసే జూనియర్లు దొరకట్లేదని సీనియర్లు గోల పెడుతున్నదీ నిజమే. తీసుకుంటారా అని మొహమాటంగా నిలబడకుండా, ఒక నెల రోజులు ఊరికే వచ్చి డ్రాఫ్టులు, నోట్సులు తయారుచేస్తా, నచ్చితే చూడండి సార్ అని అడుగు. ఒక్క నెలే సుమా, ఏడాది కాదు.

డబ్బు విషయంలో మెత్తగా చెప్పలేను. జూనియర్లకు నగరాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది, అది సలహా మాత్రమే. ఆ కాగితం పట్టుకుని మన జిల్లా కోర్టుల్లో అడిగితే చాయ్ కూడా రాదు. చాలాచోట్ల ఇచ్చేది బస్సు ఖర్చులకు సరిపోతుంది. అందుకే ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడు, రెండేళ్ల దాకా నా దగ్గర్నుంచి ఆశించకండి, ఆ తర్వాత చూద్దాం అని స్పష్టంగా చెప్పు. పక్కన జీతానికి ఉద్యోగం చేస్తూ గౌను వేసుకోవచ్చులే అని ఎవరైనా అంటే నమ్మకు, ప్రాక్టీసులో ఉండగా ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం చేయడాన్ని బార్ కౌన్సిల్ రూల్ 49 ఒప్పుకోదు. తెలుగు, ఇంగ్లీషు రెండు టైపింగులూ ఇప్పుడే నేర్చుకో, తోటి వకీళ్లకు డ్రాఫ్టింగ్ చేసిపెడితే నాలుగు రూపాయలు వస్తాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ లా గ్రాడ్యుయేట్లకు సంక్షేమ శాఖలు స్టైపెండ్‌తో శిక్షణ ఇచ్చే పథకాలున్నాయి, నీకు వర్తిస్తుందేమో కలెక్టరేట్‌లో కనుక్కో. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పేద ముద్దాయిల తరఫున ఉచితంగా వాదించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ 2022 నుంచి నడుస్తోంది, అందులో అసిస్టెంట్ పోస్టులకు మూడేళ్లలోపు అనుభవం ఉన్నవాళ్లనూ తీసుకుంటారు, నెల నెలా డబ్బు వస్తుంది, సెషన్స్ కేసులు (హత్యలాంటి పెద్ద నేరాలవి) చూసే అవకాశమూ ఉంటుంది. నోటిఫికేషన్ పడగానే వెయ్యి.

హైకోర్టు ఎక్కడికీ పోదు. సాక్షిని ఒక్కసారి కూడా క్రాస్ చేయకుండా అక్కడికి పోతే రిట్లు, వాయిదాల మధ్య నలిగిపోతావు, పైగా హైదరాబాద్ హాస్టల్ ఖర్చు. మూడు, నాలుగేళ్లు మహబూబాబాద్‌లోనో వరంగల్‌లోనో ట్రయల్ నేర్చుకో. భూమి రికార్డుల్లో ధరణి పోయి భూభారతి వచ్చాక తహసీల్దారు దగ్గర దరఖాస్తుల పని, ఆర్డీవో దగ్గర అప్పీళ్ల పని కూడా ఉంటుంది, ఊళ్లో తెలిసిన మనిషిగా నీకు మొదటి క్లయింట్లు అక్కడే దొరుకుతారు.

మీ మేనమామకు చెప్పు, ఆడవాళ్లు వకీలు వృత్తి చేయకూడదన్న అడ్డు 1923 చట్టంతోనే తొలగిపోయిందని, తెలంగాణ హైకోర్టు చీఫ్ జస్టిస్ కుర్చీలో 2021లో జస్టిస్ హిమా కోహ్లీ కూర్చున్నారని. ఆయన భయంలో నిజం లేదని కాదు. ఆఫీసు సాయంత్రం ఏడింటికి మొదలై తొమ్మిది దాటుతుంది, నీకేమో ఆఖరి బస్సు ఎనిమిదిన్నరకు. చేరే రోజే సీనియర్‌తో టైము మాట్లాడుకో, "సార్, పొద్దున ఏడింటికే వచ్చి పని చేస్తా, సాయంత్రం ఎనిమిదికి వెళ్లాలి" అని. దానికి మొహం చిట్లించేవాడి దగ్గర చేరకు. ఒంటరిగా రాత్రిళ్లు ఉండమనేవాడి దగ్గర ఒక్క రోజు కూడా వద్దు, కెరీర్ పోతుందేమోనని ఆలోచించకు, సీనియర్లు చాలామంది ఉన్నారు. ఇంకోటి, నువ్వు ఆడపిల్లవు కాబట్టి మెయింటెనెన్సులు (భరణం కేసులు), డీవీసీలు (గృహహింస కేసులు), విడాకులు అన్నీ నీ మీద పడేస్తారు. చెయ్యి, ఆ ఆడవాళ్లు నీతో మనసు విప్పి మాట్లాడతారు. కానీ దాంతోనే ఆగిపోకుండా భూమి కేసులు, సెషన్స్ కేసులు అడిగి మరీ తీసుకో.

రీల్స్ వద్దు. బార్ కౌన్సిల్ రూల్ 36 ప్రకారం వకీలు తనను తాను ప్రచారం చేసుకోకూడదు, పని కోసం ఎగబడకూడదు. సెక్షన్లు వివరించే వీడియో వేరు, కింద ఫోన్ నంబరు పెట్టి సంప్రదించండి అనడం వేరు అని వాదించొచ్చు, ఆ వాదన ఎన్‌రోల్‌మెంట్ మొదటి ఏడాదిలోనే నీ మీద నువ్వే ప్రయోగించుకోవడం ఎందుకు? ఫోను గురించే ఇంకో మాట, ఏఐ యాప్‌ను అడిగితే క్షణంలో సైటేషన్లు ఇస్తుంది, లేని కేసులు కూడా పుట్టించి ఇస్తుంది. తీర్పు తెరిచి, ఆ పేరా నీ కళ్లతో చూడకుండా ఏ సైటేషనూ సీనియర్ చేతిలో పెట్టకు.

సివిల్ జడ్జి పరీక్షకు కాలేజీ నుంచి నేరుగా దూకే దారిని 2025 మే 20న సుప్రీంకోర్టు మూసేసింది, కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలంది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్క కడతారని కూడా ఆ తీర్పులోనే ఉంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతల పేరా నువ్వే పూర్తిగా చదువుకో, యూట్యూబ్ మాట వినకు. నీ విషయంలో ఇది మంచికే, ఎలాగూ మూడేళ్లు ట్రయల్ కోర్టులో ఉంటావు, రాయాలనిపిస్తే అప్పుడు రాస్తావు. అయితే ప్రాక్టీసు చేశావని ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదా పదేళ్ల అనుభవమున్న వకీలు ఇచ్చినదాన్ని ఆయన ధ్రువీకరించాలి. అందుకని ఎన్‌రోల్ అయిన మొదటి వారం నుంచే సీనియర్ వేసే ప్రతి వకాలత్‌లో (క్లయింటు వకీలుకు ఇచ్చే అధికార పత్రంలో) ఆయన పేరు కింద నీ పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాయించుకో, ఒక పుస్తకం పెట్టుకుని కోర్టు, కేసు నంబరు, వాయిదా తేదీ, ఆ రోజు నువ్వు చేసిన పని రాస్తూ పో, నీ పేరున్న ఆర్డర్లు ఈ-కోర్ట్స్ నుంచి దించి దాచుకో. మూడేళ్ల తర్వాత వెతుక్కుంటే దొరకవు.